మారుతి 800 ముందు సస్పెన్షన్: చేతి పెయింటా, పౌడర్ కోటింగా?

ప్రశ్న: మా నాన్నగారి 1996 మారుతి 800 విశాఖ ఉప్పుగాలికి అడుగంతా తుప్పు పట్టింది. ముందు చక్రాల లోయర్ ఆర్ములు (చక్రాన్ని కారు అడుగుకు కలిపే ఇనుప చేతులు) విప్పి వైరు బ్రష్షుతో రుద్దితే తుప్పు పెచ్చులుగా రాలింది. అక్కడక్కడ కందిగింజంత గుంటలు. పౌడర్ కోటింగ్ చేయించనా, నేనే పెయింటు వేసుకోనా?

జవాబు: పౌడర్ కోటింగంటే పొడి రంగు చల్లి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. రబ్బరు బుష్షులు (ఆర్ము కారుకు బిగిసే చోటి మెత్తలు), బాల్ జాయింటు (చక్రం వైపు చివర ఉండే గుండ్రటి కీలు) తీయకుండా ఇస్తే అవి పాడవుతాయి. ముందు ఆ గుంటల చోట సుత్తితో తట్టి చూడండి. లోపలికి నొక్కుకుంటే రంగు గొడవే వద్దు, కొత్త ఆర్ము కొనండి.

ప్రశ్న అడిగినవారు: తట్టాను. ఖంగుమంది!

మరో జవాబు: అయితే మీరే వేసుకోండి. థిన్నరుతో జిడ్డు తుడిచి జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, అది ఆరాక నల్ల ఎనామిల్ రెండు పలచటి పూతలు. నేను ఆత్రంకొద్దీ ఒకే పూత మందంగా పూశాను. వారమైనా ఆరలేదు, అలాగే బిగించాను. నా వేలిముద్రలు దాని మీద ఇప్పటికీ ఉన్నాయి. మరలకు, బాల్ జాయింటు కూర్చునే చోటికి రంగు అంటకుండా టేపు చుట్టండి. బుష్షు బోల్టులను కారు చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. స్ట్రట్టు (షాక్ అబ్జార్బరు, స్ప్రింగు కలిసిన భాగం) స్ప్రింగు జోలికి మాత్రం దాన్ని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా వెళ్లకండి.