ఒకే ఇంట్లో మూడు ఫోన్లు, మూడు రకాల ఎన్నికల ప్రకటనలు: ఇదెలా చేస్తారు?

మౌలాలి_కాలనీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మౌలాలి, మల్కాజిగిరి నియోజకవర్గం. మా కాలనీ సంక్షేమ సంఘం పనులు చూస్తుంటాను. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలప్పటి నుంచి ఒక సందేహం అలాగే ఉండిపోయింది. అభ్యర్థి ఒక్కరే. నా ఫేస్‌బుక్‌లో మహిళా సంఘాల రుణాల గురించి వీడియో వచ్చింది. డిగ్రీ చదివే మా అబ్బాయికి ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి, మా మామగారికి పింఛను గురించి వచ్చాయి. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాలేదు. నాచారంలో ఉండే మా చెల్లెలికి ఓటు ఉప్పల్‌లో, తనకి కూడా మా అభ్యర్థి ప్రకటనే! పైగా నన్ను పేరు పెట్టి పిలుస్తూ రికార్డెడ్ ఫోన్ కాల్. నా నంబరు వాళ్లకి ఓటరు జాబితా నుంచి వెళ్లిందా? ఈ ఖర్చంతా ఎవరు లెక్క కడతారు? సంఘం మీటింగులో అందరూ ఇదే అడుగుతున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అమీర్‌పేట_యాడ్స్

అక్కా, నేను అమీర్‌పేటలో ఒక ప్రకటనల ఆఫీసులో పనిచేశాను. ఎన్నికల సీజన్‌లో అభ్యర్థుల పేజీలకు ప్రకటనలు పెట్టడం నా పని. ఏ పార్టీ అన్నది పక్కన పెడదాం. అందరూ వాడేవి అవే టూల్స్.

ముందు మీ చెల్లెలి సంగతి. ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టేటప్పుడు మ్యాప్ మీద ఒక పిన్ను పెట్టి దాని చుట్టూ ఇన్ని కిలోమీటర్లని వలయం గీస్తాం. నియోజకవర్గం గుండ్రంగా ఉండదు కదా. మౌలాలిలో పిన్ను పెడితే వలయం ఒకవైపు నాచారం మీదికి, ఇంకోవైపు లాలాగూడ, తార్నాక మీదికి పోతుంది. అవి ఉప్పల్, సికింద్రాబాద్ నియోజకవర్గాలు. పైగా మన ఊళ్లో ఉండేవాళ్లందరికీ ఓటు ఇక్కడే ఉండదు. అందుకే ఉల్టాగా కూడా చేస్తారు. 2024 మే 13న తెలంగాణలో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్. గుంటూరులోనో ఏలూరులోనో ఓటున్నవాళ్లు కూకట్‌పల్లిలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. అక్కడి అభ్యర్థి ప్రకటనకు ఇక్కడ వలయం గీస్తే వాళ్లకీ చేరుతుంది.

ఇక మీ ఇంట్లో మూడు ఫోన్ల సంగతి. ఒక అభ్యర్థికి ఒకటే వీడియో చేయం. పది, పదిహేను రకాలు చేసి, ఇది ఆడవాళ్లకి, ఇది 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి, ఇది 55 దాటినవాళ్లకి అని విడదీసి పెడతాం. మతం, రాజకీయ అభిప్రాయం లాంటి సున్నితమైన అంశాలకు సంబంధించిన ఎంపికల్ని ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ 2022 జనవరిలో తీసేసింది. కానీ మేం ఏమీ ఎంచుకోకపోయినా సిస్టమే కొంత ఎంచుకుంటుంది. మొదటి రోజు పింఛను వీడియోను ఎవరు ఆగి చూశారో గమనించి, రెండో రోజు నుంచి అలాంటివాళ్లకే ఎక్కువ చూపిస్తుంది.

ఏ వీడియో ఆడుతుందో పెట్టి చూస్తేగానీ మాకూ తెలియదు. ఒక అభ్యర్థికి తెల్ల చొక్కాలో దండం పెడుతున్న ఫొటో ఒకటి, నాలా పక్కన నిలబడి జనంతో మాట్లాడుతున్న ఫొటో ఒకటి, కింద ఒకే వాక్యంతో ఒకేసారి వదిలాం. ఆయనకి నచ్చింది దండం ఫొటో. జనం ఆగి చూసింది నాలా ఫొటో. సాయంత్రానికి మొదటిది ఆపేసి డబ్బంతా రెండోదాని మీద పెట్టాం. ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఒబామా 2008 ప్రచారం. వాళ్ల వెబ్‌సైట్ మొదటి పేజీలో బటన్లు, ఫొటోలు, వీడియోలు మార్చి 24 రకాలుగా కలిపి పరీక్షించారు. బాగా ఆడతాయని టీమ్ అనుకున్న వీడియోలు వెనకబడ్డాయి. కుటుంబం ఫొటో, ‘మరింత తెలుసుకోండి’ బటన్ కలిపిన పేజీ గెలిచింది. ఈమెయిల్ ఇచ్చినవాళ్లు నూటికి 8 మంది నుంచి 11 దాటారు.

మీ నంబరు ఓటరు జాబితా నుంచి వెళ్లలేదు. అందరికీ దొరికే జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి, ఫోన్ నంబరు ఉండదు. నంబర్లు బయటి నుంచే వస్తాయి: హెల్త్ క్యాంపులో రాసిన రిజిస్టరు, లక్కీ డ్రా కూపన్, మిస్డ్ కాల్, ఇంటికొచ్చి సర్వే చేసిన కుర్రాడి ట్యాబ్. వాటిని ఓటరు జాబితాలోని పేరుతో, ఇంటి నంబరుతో జత చేస్తే చాలు, ఈ నంబరు ఈ బూత్‌లో ఈవిడదని తేలిపోతుంది. మీ కాల్‌లో పేరు అలాగే వచ్చి ఉంటుంది. అదే లిస్టును ఫేస్‌బుక్‌కి ఎక్కించి వాళ్లకి మాత్రమే ప్రకటన చూపించొచ్చు. గూగుల్‌లో ఎన్నికల ప్రకటనలకు అది కుదరదు. 2020 నుంచి వయసు, స్త్రీ పురుష భేదం, పిన్‌కోడ్ దాకా ప్రాంతం, ఇంకా ఎలాంటి వీడియో పక్కన రావాలన్నది, అంతవరకే.

నన్ను బాధపెట్టేది ఒకటుంది, అది చెప్పాలి. గోడ మీద రాసిన హామీని వీధి మొత్తం చదువుతుంది. ఫోన్‌లో మీకిచ్చిన హామీ పక్కింటివాళ్లకి తెలియదు. అద్దెకుండేవాళ్లకి ఒక మాట, ఇంటి ఓనర్లకి దానికి సరిపోని ఇంకో మాట చెప్పినా పట్టుకునేవాళ్లు ఉండరు. అందుకే మీ సంఘంవాళ్లకి మెటా యాడ్ లైబ్రరీ తప్పకుండా చూపించండి. దేశం దగ్గర ఇండియా, రకం దగ్గర ఎన్నికలు, రాజకీయాలు ఎంచుకుని అభ్యర్థి పేరు కొడితే ఆ పేజీ వేసిన ప్రకటనలన్నీ కనిపిస్తాయి. డబ్బు ఎవరు కట్టారు, సుమారు ఎంత, చూసినవాళ్లలో ఏ వయసువాళ్లు ఎందరన్నది ఉంటుంది. అకౌంట్ కూడా అక్కర్లేదు. మీ అబ్బాయికి ఒక గంట పని. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకైతే యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ ఉంది.

రిటైర్డ్_రెవెన్యూ

అమ్మా, ఖర్చు సంగతి నేను చెబుతాను. ఎన్నికల వ్యయ పరిశీలన డ్యూటీ చేసినవాణ్ణి.

తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022లో పెంచారు. ఫేస్‌బుక్, గూగుల్‌కు కట్టిన డబ్బే కాదు, వీడియో తీసినవాళ్లకి ఇచ్చింది, పేజీ నడిపే కుర్రాళ్ల జీతాలు కూడా ఇందులోకి వస్తాయి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో సోషల్ మీడియా ఖాతాల వివరాలు కూడా రాయాలి.

ప్రకటన బయటికి వెళ్లకముందే మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ చూసి అనుమతివ్వాలి. టీవీకి ఉన్న ఈ నియమాన్ని ఎన్నికల సంఘం 2013 అక్టోబర్‌లో సోషల్ మీడియాకు కూడా వర్తింపజేసింది. రిజిస్టరైన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులైతే మూడు రోజుల ముందు, మిగతావాళ్లు ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. డబ్బు కట్టకుండా సొంత ఖాతాలో పెట్టే మామూలు పోస్టుకి ఇది అక్కర్లేదు.

లొసుగు ఎక్కడంటే, పార్టీ తన పేరు మీద చేసే సాధారణ ప్రచారానికి పరిమితి లేదు. అభ్యర్థికి సంబంధం లేదని చెప్పుకునే పేజీలు ఇంకో తలనొప్పి. అభ్యర్థి అనుమతి లేకుండా ఆయన కోసం ఖర్చు పెట్టడం నేరమే. పాత చట్టంలో దానికి జరిమానా 500 రూపాయలు! ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 10 వేల దాకా చేశారు. లక్షలు పెట్టేవాళ్లకి అదేం భయం చెప్పండి. ఇది మారాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఓయూ_స్టూడెంట్

అక్కా, ఒక్క విషయం. యాడ్ లైబ్రరీలో కనిపించేది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌కి డబ్బు కట్టిన ప్రకటనలే. రీల్స్ చేసేవాళ్ల చేతికి నేరుగా డబ్బిచ్చి చేయించుకున్నవి అందులో రావు. వాట్సాప్ ఫార్వర్డ్‌లూ రావు. నా ఫీడ్‌లో ఎక్కువ కనిపించినవి అవే. హలీం గురించి రీల్స్ చేసే పేజీ ఉన్నట్టుండి ఒక నాయకుణ్ణి పొగడటం మొదలుపెడితే వెంటనే అనుమానించాల్సిందే.

మౌలాలి_కాలనీ

అందరికీ చాలా థాంక్స్. మా అబ్బాయితో కూర్చుని వెతికాం. నాకొచ్చిన రుణాల వీడియో దొరికింది! కానీ అది అభ్యర్థి పేజీ కాదు. ఏదో మన ఊరి వార్తల పేజీలా ఉంది, డబ్బు కట్టినచోట మాకు తెలియని పేరుంది. వచ్చే ఎన్నికల్లో ఇలాంటిది కనబడితే ఎవరికి చెప్పాలి? ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టొచ్చా?

రిటైర్డ్_రెవెన్యూ

సీ-విజిల్ అప్పటికప్పుడు మీ కళ్లముందు జరిగేదానికి, అమ్మా. డబ్బు పంచడం, మందు పంచడం లాంటివి. ఆ యాప్‌లోనే ఫొటో తీయాలి, గ్యాలరీ నుంచి పెట్టనివ్వదు. ప్రకటన సంగతైతే రిటర్నింగ్ అధికారికీ, వ్యయ పరిశీలకుడికీ రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ప్రకటనకు ముందస్తు అనుమతి ఉందా, ఖర్చు ఎవరి ఖాతాలో రాశారు అని రెండే ప్రశ్నలు అడగండి. సంఘం లెటర్‌హెడ్ మీద ఇచ్చి రసీదు తీసుకోండి.

అమీర్‌పేట_యాడ్స్

ఆ కాగితం మీద ప్రకటన లైబ్రరీ ఐడీ కూడా రాయండి అక్కా. లైబ్రరీలో ప్రతి ప్రకటన పైన ఒక పొడవాటి నంబరు ఉంటుంది, అదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇస్తే మార్చి తెచ్చారని అనొచ్చు. ఐడీ ఉంటే అధికారి తన కంప్యూటర్‌లోనే తెరిచి చూసుకుంటారు. వాళ్లు ప్రకటన ఆపేసినా రాజకీయ ప్రకటనల రికార్డు అందులో ఏడేళ్లు ఉంటుంది. 2023లో మీకొచ్చిన ఆ వీడియో ఐడీని ఇప్పుడే రాసి పెట్టుకోండి, మీటింగులో చూపించడానికి పనికొస్తుంది.