స్టార్న్‌బర్గ్ సరస్సులో విహారానికి ఎలక్ట్రిక్ మోటారు సరిపోతుందా?

ప్రశ్న:
మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. వారాంతాలలో స్టార్న్‌బర్గ్ సరస్సులో తిరగడానికి 5 మీటర్ల పాత పడవ ఒకటి కొనాలనుకుంటున్నాము. ఇక్కడ పెట్రోలు పడవలకు అనుమతులు పరిమితంగానే ఇస్తారు, వాటి కోసం ఏళ్ల తరబడి వేచి ఉండాలి కనుక ఎలక్ట్రిక్ మోటారే దిక్కు. 5 యూనిట్ల లిథియం బ్యాటరీతో 50 కి.మీ. తిరగవచ్చునని అమ్మే ఆయన అంటున్నారు. సరస్సు పొడవు సుమారు 20 కి.మీ.; ఆ కొస దాకా వెళ్లి రాగలమా?

మొదటి జవాబు:
ఆయన చెప్పింది అబద్ధం కాదు గానీ, ఏ వేగానికో చెప్పకుండా దూరం మాత్రమే చెప్పడం సగం మాటే అవుతుంది. ఇలాంటి పడవకు కావలసిన శక్తి స్థూలంగా వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: గంటకు 5 కి.మీ. వేగానికి అర కిలోవాట్ చాలిందనుకుంటే, వేగం రెట్టింపు చేయగానే 4 కిలోవాట్లు కావాలి. మొదటి లెక్కన ఆ బ్యాటరీ 10 గంటలు నడిపిస్తుంది. రెండో లెక్కన 12 కి.మీ. దాటగానే చేతులెత్తేస్తుంది. అయిదో వంతు ఎప్పుడూ మిగుల్చుకోవాలి కనుక, 7 కి.మీ. వేగంతో మొత్తం 20 కి.మీ. అనుకోండి. అంటే సగం సరస్సు దాకా వెళ్లి వెనక్కి రాగలరు.

రెండో జవాబు:
పై లెక్క గాలి లేని రోజుది. పోయిన వేసవిలో అద్దె పడవలో తిరిగి వస్తుంటే ఎదురుగాలి మొదలైంది. హ్యాండిల్ పక్కనున్న చిన్న తెర మీద మిగిలిన దూరం 18 నుంచి 11కు పడిపోయింది, మా అబ్బాయి ఆ అంకెలను పైకి చదువుతూనే ఉన్నాడు. వేగం తగ్గించగానే అంకె మళ్లీ పెరిగింది. పెట్రోలు ముల్లు దిగడమే గాని ఎక్కడం నేను చూడలేదు! నెమ్మదిగా పోవడం ఇష్టమైతే మీకు దిగులు లేదు. మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలోనే కోనిగ్‌జే సరస్సులో 1909 నుంచే ప్రయాణికుల పడవలు బ్యాటరీతో నడుస్తున్నాయి.

మూడో జవాబు:
వేగమే కావాలంటే, స్వీడన్‌లోని కాండెలా సంస్థ చేసే పడవల్లాగా, నీటిలోని రెక్కలపై ఒళ్లు పైకి లేచేవి ఉన్నాయి. మీ పాత పడవకు అది పొసగదు. నేనైతే ముందు రేవులో ప్లగ్గు ఉందో లేదో కనుక్కుంటాను. చలికాలంలో గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే పాడవుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రేవులో ప్లగ్గు లేదట. 40 కిలోల బరువును ప్రతిసారీ మోయలేము కనుక, ఒకే పెద్దదానికి బదులు ఇంటికి తీసుకువెళ్లగల రెండు చిన్న బ్యాటరీల ధర అడిగాను.