ఓకే ఎక్కడి మాట? బోస్టన్ జోకా, బానిసల నోటి మాటా?

కొత్తపేట కుర్రాడు

మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో దీని మీద పెద్ద గొడవ నడుస్తోంది. ఒకడు ఫార్వర్డ్ పెట్టాడు: అమెరికా అంతర్యుద్ధంలో సాయంత్రం శిబిరానికి తిరిగొచ్చాక ఎవరూ చనిపోకపోతే బోర్డు మీద 'జీరో కిల్డ్' అని రాసేవాళ్ళట, ఆ సున్నా పక్కన కే అక్షరమే ఓకే అయిందట. ఇంకొకడు గ్రీకు వాళ్ళ 'ఓలా కలా' (అంతా బాగుంది) అంటాడు. మా సీనియర్ ఒకాయన మాత్రం ఇది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల మాట, తెల్లవాళ్ళు తమ ఖాతాలో వేసుకున్నారు అని గట్టిగా వాదిస్తున్నారు. అందరం రోజూ వాడే మాట. అసలు ఎక్కడ పుట్టింది? ఇక్కడ నిఘంటువుల పిచ్చి ఉన్నవాళ్ళు ఉన్నారు కదా అని అడుగుతున్నా.

తర్కం తాతయ్య

ముందు ఆ జీరో కిల్డ్ సంగతి తేల్చేద్దాం బాబూ. అంతర్యుద్ధం మొదలైంది 1861లో. ఓకే అచ్చులో కనబడింది 1839లో. ఇక దాని మీద మాట్లాడేదేముంది? 'ఓలా కలా', స్కాట్లాండ్ వాళ్ళ 'ఓహ్ ఐ' లాంటివి వినడానికి దగ్గరగా ఉంటాయి, అంతే. గ్రీసు నుంచి అమెరికాకి ఎవరు, ఎప్పుడు, ఎలా తెచ్చారంటే జవాబు ఉండదు.

ఆధారం ఉన్న కథ ఒక్కటే. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఒక చిన్న ఎకసెక్కపు ముక్క వచ్చింది. బోస్టన్‌లో 'గంటలు మోగించడాన్ని వ్యతిరేకించే సంఘం' అని ఒక తమాషా సంఘం ఉండేది. ఆ సంఘం వాళ్ళు ప్రావిడెన్స్ ఊరు మీదుగా తిరిగొస్తే అక్కడి జర్నల్ పత్రిక సంపాదకుడు చందాల పెట్టె వగైరా అన్నీ 'ఓ.కే., అంటే ఆల్ కరెక్ట్'గా సిద్ధం చేయించి, సీసాల బిరడాలు ఎగిరేలా చూడాలి అని చురక వేశారు. ఆల్‌కి ఏ బదులు ఓ, కరెక్ట్‌కి సీ బదులు కే. చదువు రానివాడి స్పెల్లింగులా కావాలని పెట్టిన తప్పు, అదే జోకు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికల కట్టలు తిరగేసి దీన్ని బయటికి లాగారు. 1963, 64లో వరుస వ్యాసాలుగా అచ్చయింది.

రంగంపేట రాజా

తాతయ్య గారూ, పొడి అక్షరాల కథ వినగానే నాకు అనుమానం వస్తుంది. పాష్ అన్న మాటకీ ఇలాగే చెప్పేవారు. ఇంగ్లండ్ నుంచి ఇండియాకి ఓడలో వచ్చే దొరలకి ఎండ తగలకుండా వెళ్ళేటప్పుడు ఎడమవైపు, తిరుగు ప్రయాణంలో కుడివైపు గది ఇచ్చేవారట, టికెట్ మీద 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' (వెళ్ళేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి) అన్న మాటల నాలుగు పొడి అక్షరాలు ముద్ర కొట్టేవారట. అలాంటి టికెట్ ఒక్కటి కూడా దొరకలేదు. ఎవరో తీరిగ్గా కూర్చుని అల్లిన కథ. ఓకే కథ కూడా ఆ బాపతు కాదని గ్యారంటీ ఏమిటి?

పైగా చోక్టా భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా దక్షిణాన ఉండే ఆ తెగ భాషలో 'అంతే, నిజమే' అని నొక్కి చెప్పడానికి వాక్యం చివర 'ఓకె' లాంటి మాట వస్తుంది. మిషనరీలు ఆ భాషలో రాసిన పుస్తకాల్లోనూ ఉంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఇది చోక్టా మాటే అని నమ్మి, ఫైళ్ళ మీద రెండు పొడి అక్షరాలు కాకుండా చివర 'హెచ్' పెట్టి పూర్తి మాటగా రాసేవాడు. ఒక దేశాధ్యక్షుడే రాస్తే మనకేంటి అభ్యంతరం?

బోస్టన్ బావ

అధ్యక్షుడు సంతకం పెట్టినంత మాత్రాన వ్యుత్పత్తి పాసైపోదు రాజా గారూ 😀

మీ పాష్ ఉదాహరణ మంచిదే, కానీ ఇక్కడ తేడా ఉంది. ఓకే ఒంటరిగా పుట్టలేదు. 1838, 39లో బోస్టన్ పత్రికల వాళ్ళకి ఈ పొడి అక్షరాల పిచ్చి పట్టింది. 'ఆల్ రైట్'ని తప్పు స్పెల్లింగుతో ఓ.డబ్ల్యూ. అని, 'నో యూజ్'ని కే.వై. అని, అప్పులెగ్గొట్టి టెక్సస్ పారిపోయినవాడిని జీ.టీ. (గాన్ టు టెక్సస్) అని రాసేవారు. మన పిల్లలు చాటింగులో రాసే పొట్టి రాతలు చూసి భాష చచ్చిపోతోందని బాధపడే పెద్దమనుషులు ఆ పేపర్లు ఒకసారి చూడాలి. ఆ గుంపులో ఓకే ఒకటి. మిగతావన్నీ పోయాయి, ఇది మిగిలింది.

ఎందుకు మిగిలిందనేది ఇంకా రంజైన కథ. 1840లో ఎన్నికలు. పదవిలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్. (ఆయన ఇంట్లో డచ్చి మాట్లాడుతూ పెరిగాడు. మాతృభాష ఇంగ్లీషు కాని అమెరికా అధ్యక్షుడు ఆయనొక్కడే.) అనుచరులు ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అన్నారు. ఆ పొడి అక్షరాలు ఓ, కే. న్యూయార్క్‌లో ఓకే క్లబ్బు పెట్టారు, మన మనిషి ఓకే అని నినాదం. అవతలి విగ్ పార్టీ ఊరుకుంటుందా? 1837 ఆర్థిక సంక్షోభం దెబ్బ ఇంకా తగ్గలేదు, అందుకని ఓకే అంటే 'అవుట్ ఆఫ్ క్యాష్' అని, క్యాష్‌ని కే అక్షరంతో రాసి ఎగతాళి చేశారు. అంతకుముందు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగు రాదని, కాగితాల మీద 'ఆల్ కరెక్ట్' అనబోయి ఓకే అని గీకేవాడని ఇంకో కట్టుకథ వదిలారు. ఆ ఎన్నికల్లో వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. ఈ తిట్ల పుణ్యమా అని ఓకే మాత్రం దేశమంతా పాకింది.

నల్లరేగడి

బాగుంది. బోస్టన్ పత్రికాఫీసులో కూర్చున్న నలుగురు తెల్ల బాబుల జోకు ప్రపంచమంతా వాడే మాట అయిపోయిందన్నమాట. ఒక్క ప్రశ్న అడుగుతా. ఆధారం అంటే అచ్చులో ఉన్నదే అని ఎవరు నిర్ణయించారు?

పశ్చిమాఫ్రికాలో వోలోఫ్ భాష ఉంది, సెనెగల్ వైపు. అందులో 'వావ్' అంటే అవును. దాని పక్కన నొక్కి చెప్పే 'కే' చేరిస్తే 'వావ్ కే', అంటే 'అవును మరి, అలాగే'. మాటకి మాట, అర్థానికి అర్థం. డేవిడ్ డాల్బీ అనే బ్రిటిష్ భాషావేత్త 1970ల మొదట్లోనే ఇది బయటపెట్టాడు. వోలోఫ్ మాట్లాడేవాళ్ళని ఓడల్లో కుక్కి అమెరికా తెచ్చింది చరిత్ర కాదా? 1739లో బానిసల స్టోనో తిరుగుబాటు జరిగాక, మరుసటి ఏడాదే దక్షిణ కరోలినాలో బానిసలకు రాయడం నేర్పడం నేరమని చట్టం చేశారు. రాయనివ్వకుండా చేసి, రాత చూపించమంటారా?

మనకి తెలిసిన ఉదాహరణే చెప్తా. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం కడప జిల్లా కలమళ్ళలో దొరికింది, సుమారు 575 నాటిది. అంటే 574లో కలమళ్ళలో తెలుగు మాట్లాడలేదా? శాసనం చెక్కించినోడి నోట్లోంచే భాష ఊడిపడిందా?

అమ్మమ్మ నిఘంటువు

నల్లరేగడి గారూ, చట్టం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. కలమళ్ళ ఉదాహరణ మాత్రం మీ వాదనకే అడ్డం తిరుగుతుంది.

575కి ముందు తెలుగు ఉందని మనం ఊరికే ఊహించుకోవడం లేదు. అమరావతి శాసనంలో 'నాగబు' అన్న మాట ఉంది. ప్రాకృతంలో ఉన్న గాథాసప్తశతిలో తెలుగు మాటలు కనబడుతున్నాయి. అంటే పూర్తి వాక్యం లేకపోయినా, వేరేవాళ్ళ రాతల్లో జాడలు మిగిలాయి. ఓకేకి కావాల్సిందీ అదే. బానిసలు రాయకపోవచ్చు. వాళ్ళ గురించి రాసినవాళ్ళు కొల్లలు. యజమానుల డైరీలు, యాత్రికుల పుస్తకాలు, పారిపోయినవాళ్ళ కోసం పత్రికల్లో వేసిన ప్రకటనలు. 1830లకల్లా తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళ యాసని వెక్కిరించే నాటకాలు వీధివీధినా ఆడుతున్నారు. యాసలో ఏ చిన్న ముక్క దొరికినా వదలని జనం వాళ్ళు. అందరి నోటా నానే మాట అయితే ఆ వెక్కిరింతల్లోనైనా దొరకాలి.

ఆఫ్రికా మాటలు ఇంగ్లీషులో లేవని కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు బెండకాయని ఓక్రా అంటారు కదా, అది నైజీరియా ఇగ్బో వాళ్ళది. వేరుశనగకి దక్షిణాన 'గూబర్' అంటారు, అది కాంగో వైపు మాట. వీటికి జాడ ఉంది కాబట్టి నిఘంటువులు మారుమాట లేకుండా రాశాయి. మన పందికొక్కే బ్యాండికూట్ అయిందని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒప్పుకున్నట్టు. (తెలుగు పొలాల్లో తిరిగే ఎలక పేరు తీసుకెళ్ళి ఆస్ట్రేలియాలో దానికి ఏ సంబంధమూ లేని సంచి జంతువుకి తగిలించారు, అది వేరే భాగోతం.)

ఇంకొకటి. వోలోఫ్ వాదాన్ని ఒప్పుకోనివాళ్ళలో ఫ్రెడరిక్ కాసిడీ ఒకరు. ఆయన పుట్టింది జమైకాలో, జమైకా ఇంగ్లీషుకి నిఘంటువు కట్టిన ఇద్దరిలో ఒకరు. ఆఫ్రికా మూలాల మీద ఆయనకి చిన్నచూపు ఉందంటే ఎవరూ నమ్మరు. ఆయనే 1981లో సరిపడా ఆధారం లేదన్నారు.

నల్లరేగడి

మరి 1815 డైరీ సంగతో? విలియం రిచర్డ్‌సన్ అనే ఆయన బోస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్ వెళ్తూ రాసుకున్న డైరీలో ఓకే ఉంది. బోస్టన్ జోకుకి ఇరవై నాలుగేళ్ళ ముందు. దాన్ని మీ రీడ్ గారు పక్కకి నెట్టేశారు. నచ్చని ఆధారాన్ని నెట్టేయడం ఏం పద్ధతి?

అమ్మమ్మ నిఘంటువు

నచ్చక కాదండీ. ఆ వాక్యం ఒకసారి చూడండి. న్యూ బ్రన్స్‌విక్‌కి పదిహేను మైళ్ళ దూరంలో ప్రిన్స్‌టన్ అనే చక్కటి చిన్న ఊరు చేరాం, 'ఓకే', ఇంకా ట్రెంటన్‌లో ఒంటిగంటకి భోంచేశాం. ఆ నడిమధ్య 'ఓకే' అంటే 'అంతా బాగుంది' అని చదివినా అతకదు, మీ 'అవును మరి' అని చదివినా అతకదు. అసలు ప్రతిలో అక్కడ దిద్దుబాట్లు ఉన్నాయి. ఏదో రాయబోయి ఆపేసిన ముక్క అనుకోవడమే సబబు. 1790 నాటి టెనెసీ కోర్టు కాగితంలో జాక్సన్ పేరు పక్కన ఓకే ఉందని చాలాకాలం చెప్పుకున్నారు. తీరా చూస్తే అది ఓ.ఆర్., అంటే ఆర్డర్ రికార్డు చేశాం అని గుమాస్తా రాసుకున్నది. మన రెవెన్యూ కాగితాల్లో గొలుసుకట్టు రాత చదివినవాళ్ళకి ఇలాంటి పొరపాట్లు కొత్త కాదు.

రంగంపేట రాజా

నా చోక్టా గురించి ఒక్కరూ జవాబు చెప్పలేదు. గమనించగలరు.

తర్కం తాతయ్య

చెప్తున్నా. వోలోఫ్ కన్నా మీది ఒక మెట్టు పైనే ఉంది, ఆ భాష రాతలో ఉంది కాబట్టి. చోక్టా వాళ్ళు 1815లో జాక్సన్ పక్షాన న్యూ ఆర్లియన్స్ దగ్గర యుద్ధం కూడా చేశారు. వాళ్ళ మాట సైనికులకి అంటుకునే అవకాశం లేకపోలేదు. కానీ 1839కి ముందు ఇంగ్లీషు మాట్లాడేవాడు ఒక్కడు ఆ మాట వాడినట్టు ఏదైనా చూపించండి. మిసిసిపీ అడవుల్లో మొదలైన మాట మధ్యలో ఏ ఊళ్ళోనూ దిగకుండా, సరాసరి బోస్టన్ పత్రికలో, అదీ 'ఆల్ కరెక్ట్' అని వివరణతో సహా ఎలా దిగింది?

ఆ వివరణే నాకు ముఖ్యం. చందాల పెట్టె 'ఓ.కే.'గా ఉండాలి అన్నారు. అంటే వస్తువు సరిగ్గా ఉందని చెప్పడం. అక్కడ ఎవరూ ఎవరికీ 'సరే' అని బదులు చెప్పడం లేదు. 'వావ్ కే' గానీ, చోక్టా 'ఓకె' గానీ మూలమైతే మొదటి ప్రయోగం ఒప్పుకోలుగా ఉండాలి కదా.

కొత్తపేట కుర్రాడు

తాతయ్య గారూ, ఇది నాకు నచ్చింది. మనం రెండు రకాలుగానూ వాడతాం. షూటింగులో 'షాట్ ఓకే' అంటే సరిగ్గా వచ్చింది అని. 'రేపు వస్తావా', 'ఓకే' అంటే సరే అని. మళ్ళీ 'సినిమా ఎలా ఉంది' అంటే 'ఆ, ఓకే' అని పెదవి విరిస్తే యావరేజ్ అని. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఈ మూడో రకం ఓకే అంటే సంబంధం క్యాన్సిలే.

బోస్టన్ బావ

తెలుగులో ఇంకోటి కూడా చేశాం. ఓకేని క్రియ చేశాం. కథ ఓకే చేశాడు, లోన్ ఓకే అయింది, ఓకే చేయించుకు రావాలి. ఈ చివరిది ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి మాత్రమే అర్థమవుతుంది.

నల్లరేగడి

తాతయ్య గారూ, మొదటి ప్రయోగం అని మళ్ళీ మళ్ళీ అంటున్నారు. మీరు చెప్పాల్సింది 'మొదట అచ్చయిన ప్రయోగం'. నోటి మాటని జోకు రాసేవాడు పట్టుకుని, రెండు అక్షరాల కింద కుదించి, తన పిచ్చికి తగ్గ వివరణ తగిలించి ఉండొచ్చు. అది అసాధ్యమా?

తర్కం తాతయ్య

అసాధ్యం అనలేదు. చూపించమన్నాను. అమెరికా పార్లమెంటు గ్రంథాలయం వాళ్ళు పాత పత్రికలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఉచితం. రీడ్ గారిలా దుమ్ము పీల్చక్కర్లేదు. 1839కి ముందువి వెతకండి.

నల్లరేగడి

వెతికాను. ఓ, కే అని కొడితే 'ఓక్' చెట్టు విరిగిన ముక్కలు, ఎవరి పేర్లవో పొడి అక్షరాలు, కంప్యూటర్ సరిగ్గా చదవలేని మరకలు కట్టలకొద్దీ వస్తాయి. అయినా అలా వెతికితే మీరు పెట్టిన స్పెల్లింగే దొరుకుతుంది. బానిస నోటి మాటని వినికిడి మీద రాసేవాడు పొడి అక్షరాల్లో ఎందుకు రాస్తాడు? 'ఓ కీ' అనో, 'వాకీ' అనో, 'ఓ కి' అనో రాస్తాడు. దక్షిణాది పత్రికల్లో, తోటల యజమానుల ఉత్తరాల్లో అలాంటి రూపాల కోసం వెతకడం మొదలుపెట్టా. ఏదైనా తగిలితే ఇదే దారంలో స్క్రీన్‌షాట్ పెడతా, అప్పటిదాకా మోడరేటర్ గారు దీన్ని క్లోజ్ చేయొద్దని మనవి.

మోడరేటర్

ఓకే.