కొత్త కథలు కరువయ్యాయా, కొత్త కథకు డబ్బు పెట్టేవాళ్ళు కరువయ్యారా?

వెండితెర_విహారి

2019లో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ వసూళ్ళు తెచ్చుకున్న మొదటి పది సినిమాలు ఏవో ఒకసారి చూడండి. పదికి పదీ పాత సొత్తు మీద కట్టినవే. సీక్వెల్, యానిమేషన్ హిట్‌కి రీమేక్, కామిక్స్ పాత్ర. తెర కోసమే కొత్తగా పుట్టిన కథ ఒక్కటీ లేదు. టీవీ, ఓటీటీల్లోనూ అదే తంతు. ఎప్పుడో ముగిసిన సిరీస్‌ని మళ్ళీ లేపడం, ఒక దేశంలో ఆడిన షోని ఇంకో దేశంలో మక్కీకి మక్కీ దింపడం.

దీనికి రచయితల్ని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. రాసేవాళ్ళకు బుర్ర తగ్గలేదు. "సరే, తీద్దాం" అనే మాట ఎప్పుడు పడుతోందన్నది మారింది. ఇదివరకు కథ విని, నచ్చితే డబ్బు పెట్టేవారు. ఇప్పుడు పేరు చూసి డబ్బు పెట్టేస్తున్నారు, కథ తర్వాత వెతుక్కుంటున్నారు. 2014 అక్టోబరులో మార్వెల్ ఒకే సభలో 2019 దాకా వచ్చే సినిమాల పేర్లు, విడుదల తేదీలు చదివేసింది. అందులో 'ఇన్‌హ్యూమన్స్' అసలు సినిమాగా రానేలేదు, 2017లో టీవీ సిరీస్ అయింది. తేదీ ముందు పుట్టి కథ వెనక పుడితే, ఆ కథ తేదీకి లొంగాల్సిందే కదా?

ఒప్పుకోనివాళ్ళు కారణంతో సహా రాయండి.

పాతరీలు

విహారి గారూ, ఒప్పుకోను. ఈ బాధ సినిమా అంత పాతది. 'ది మాల్టీస్ ఫాల్కన్' అనగానే అందరికీ 1941 సినిమా గుర్తొస్తుంది. ఆ నవలను అప్పటికే 1931లో ఒకసారి, 1936లో ఇంకోసారి తీసేశారు. పదేళ్ళలో మూడోసారి తీసిందే క్లాసిక్ అయింది. 'ఎ స్టార్ ఈజ్ బార్న్' 1937, 1954, 1976, 2018 అంటూ నాలుగు తరాలకు నాలుగుసార్లు వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన 1957 'మాయాబజార్' చూడండి. అదే కథతో 1936లోనే తెలుగులో సినిమా వచ్చింది. శశిరేఖ పెళ్ళి కథ వ్యాస భారతంలో లేనే లేదు, జనం నోట పుట్టి జనం నోట పెరిగింది. అంటే కె.వి.రెడ్డి గారు తీసింది జనం ఎరిగిన కథే, అదీ ఇదివరకు తెరకెక్కినదే. దాన్ని రీమేక్ అని ఎవరైనా తీసిపారేస్తారా? మళ్ళీ రామాయణం ఎందుకని అడిగినవాళ్ళకు విశ్వనాథ సత్యనారాయణ గారు కల్పవృక్షం మొదట్లోనే జవాబు చెప్పుకున్నారు: కథ అందరిదీ, అనుభూతి తనది. సాహిత్యంలో గౌరవంగా ఒప్పుకున్న మాటను సినిమా దగ్గరికి వచ్చేసరికి నేరంగా చూడటం నాకు న్యాయం అనిపించదు.

సగటు_ప్రేక్షకుడు

ఇద్దరూ తీసేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. టికెట్ కొనేది మనం. కొత్త కథ వస్తే "ఓటీటీలో చూద్దాంలే" అంటాం, పార్ట్ 2 వస్తే మొదటి రోజే వెళ్తాం. ఆ పది సినిమాల్ని పైకెక్కించింది మనమే.

కత్తెర

నేను ఎడిటింగ్‌లో పని చేస్తాను. మా గదిలో జరిగేది ఒకటి చెప్తాను, బయటివాళ్ళకు పెద్దగా తెలియదు.

సీన్ మా దగ్గరికి వచ్చేసరికి దానికి సంగీతం ఉండదు. సంగీతం లేకుండా చూపిస్తే నిర్మాత మొహం మాడ్చుకుంటారు. అందుకని ఏదో హిట్ సినిమా నేపథ్య సంగీతం తెచ్చి తాత్కాలికంగా పరుస్తాం. దాన్నే టెంప్ ట్రాక్ అంటారు. కాసేపటికి మా చెయ్యి దాని తాళానికే కోయడం మొదలుపెడుతుంది. డ్రమ్ము పడిన చోట షాట్ మారుతుంది, వయొలిన్ సాగిన చోట హీరోయిన్ ముఖం ఇంకో రెండు సెకన్లు నిలుస్తుంది. డైరెక్టర్ అదే వెర్షన్ పదే పదే చూస్తారు. ఇక సంగీత దర్శకుడు వచ్చేసరికి సీన్ ఆ అరువు సంగీతానికి అతుక్కుపోయి ఉంటుంది. ఆయన కొత్తగా ఏం కట్టినా "బాగుంది కానీ ఆ ఫీల్ రావట్లేదు" అంటారు. ఏ ఫీల్? వేరే సినిమాది. చివరికి "అలాగే ఉండాలి, కేసు మాత్రం పడకూడదు" అన్న దగ్గర బేరం తెగుతుంది.

దీన్ని దొంగతనం అనుకొని ఎవరూ చేయరు. ఆ గదిలో అందరూ మంచి పనివాళ్ళే. కొత్తది పుట్టాల్సిన ఖాళీని ముందే పాతదానితో నింపేస్తున్నాం, అంతే. కథ చెప్పేటప్పుడు "ఏ సినిమా టైపు?" అని అడగడం కూడా ఇలాంటిదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన క్షణం నుంచీ కథ ఆ సినిమా వైపు నడుస్తుంది.

పాతరీలు

కత్తెర గారూ, చాలా బాగా చెప్పారు. కానీ మీ ఉదాహరణకు ఎదురు ఉదాహరణ కూడా మీ గదిలోనే ఉంది. 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ కొత్తగా సంగీతం కట్టారు. దర్శకుడు కుబ్రిక్ దాన్ని పక్కన పెట్టి, తాత్కాలికంగా వాడుకున్న పాత శాస్త్రీయ రచనల్నే ఉంచేశారు. అంతరిక్ష నౌకలు యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్‌కి, అంటే పాత నాట్య సంగీతానికి, తిరుగుతుంటే అంతకు ముందు ఎవరూ చూడని దృశ్యం పుట్టింది. పాత సరుకుతోనే!

కత్తెర

అవును, కానీ కుబ్రిక్ ఆ వాల్ట్జ్‌ని వాల్ట్జ్‌గానే పెట్టారు. దానిలా వినిపించే ఇంకోటి చేయించలేదు. పైగా దాన్ని ఎవరూ ఊహించని చోట పెట్టారు. నేను చెప్పేది యాక్షన్ సీన్‌కి పాత యాక్షన్ సీన్ సంగీతాన్ని పోలిన సంగీతం గురించి.

లెక్కల_పుస్తకం

డబ్బు సంగతి తేలకుండా ఈ వాదన తెగదు. 2000ల మధ్య దాకా హాలీవుడ్‌లో సినిమాకు రెండో జీవితం ఉండేది, డీవీడీ. హాల్లో ఓ మాదిరిగా ఆడిన సినిమా కూడా ఇళ్ళల్లో అమ్ముడై గట్టెక్కేది. ఆ భరోసాతోనే మధ్య బడ్జెట్ డ్రామాలు, కామెడీలు, కోర్టు కథలు ధైర్యంగా తీసేవారు. తర్వాత డీవీడీ అమ్మకాలు పడిపోయాయి, ఆ రెండో ఆదాయం పోయింది. తీయడానికి అయ్యే ఖర్చుకు తోడు ప్రచారం ఖర్చు కూడా హాలు దగ్గరే, అదీ మొదటి వారాంతంలోనే రాబట్టుకోవాలి. పైగా ఒకే సినిమా అనేక దేశాల్లో ఆడాలి. మాటల మీద నడిచే హాస్యం సరిహద్దు దాటేసరికి సగం చచ్చిపోతుంది. ముందే తెలిసిన బొమ్మ, ముందే తెలిసిన పేరు అయితే దాటుతుంది.

సగటు_ప్రేక్షకుడు గారూ, మీరు ప్రేక్షకుడి మీద వేసిన నింద కొంతవరకే నిజం. దుకాణంలో మధ్య అర మొత్తం ఖాళీ చేసి, మిగిలిన రెండు మూడు వస్తువుల్లో ఒకటి కొన్నారని జనాన్ని తప్పుపడితే ఎలా?

రైటింగ్_రూమ్

టీవీ గురించి ఎవరూ లోతుగా వెళ్ళలేదు. 2022లో అమెరికాలో స్క్రిప్టెడ్ సిరీస్‌లు (రచయితలు రాసిన కథా సిరీస్‌లు) 599 వచ్చాయని ఎఫ్‌ఎక్స్ ఛానెల్ లెక్క. చరిత్రలో అంత రాలేదు. కాబట్టి "ఏమీ రావట్లేదు" అనడం కుదరదు. వచ్చినవి ఒకదానిలా ఒకటి ఎందుకున్నాయన్నదే ప్రశ్న.

ఒక కారణం గది చిన్నదైపోవడం. పాత పద్ధతిలో ఏడాదికి 22 ఎపిసోడ్లు, పెద్ద రచయితల బృందం. కొత్తగా వచ్చినవాళ్ళు సెట్‌కి వెళ్ళేవారు, తాము రాసిన సీన్ నటుడి నోట ఎలా చచ్చిందో, ఎలా బతికిందో కళ్ళారా చూసేవారు. స్ట్రీమింగ్‌లో ఎనిమిది పది ఎపిసోడ్లు. సిరీస్ ఖాయం కాకముందే నలుగురైదుగురిని కొన్ని వారాలు కూర్చోబెట్టి రాయించుకొని పంపించేస్తారు. మినీ రూమ్ అంటారు దాన్ని. షూటింగ్ నాటికి వాళ్ళు ఉండరు. 2023లో అమెరికా రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ 148 రోజులు సమ్మె చేసింది ఇలాంటి వాటి మీదే. కనీసం ఇంతమంది రచయితలు ఉండాలన్న నిబంధన ఆ సమ్మెను ముగించిన ఒప్పందంలోనే వచ్చింది.

పని నేర్చుకునే చోటు లేనివాడు పుస్తకం పట్టుకుంటాడు. బ్లేక్ స్నైడర్ 2005లో రాసిన స్క్రీన్‌ప్లే పుస్తకంలో 110 పేజీల స్క్రిప్ట్‌కి కొలతలు ఉన్నాయి: 12వ పేజీలో కథను కదిలించే సంఘటన, 25లో హీరో కొత్త లోకంలోకి అడుగు, 55లో మధ్య మలుపు, 75లో సర్వం పోయిన ఘట్టం. పుస్తకం మంచిదే, నేనూ వాడాను. నిర్మాణ సంస్థలో స్క్రిప్ట్‌లు చదివి అభిప్రాయం చెప్పే ఉద్యోగి కూడా అదే పుస్తకం పట్టుకొని 75వ పేజీ తిప్పి "ఇక్కడ ఇంకా ఏమీ పోలేదేంటి?" అని అడిగినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

సగటు_ప్రేక్షకుడు

సరే, కొరియన్ సిరీస్ 'స్క్విడ్ గేమ్' మాటేంటి? కొత్త కథ, అర్థం కాని భాష, అయినా ప్రపంచమంతా చూసింది.

వెండితెర_విహారి

సగటు గారూ, నా వాదనకు అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. హ్వాంగ్ డాంగ్-హ్యూక్ ఆ కథను 2009 ప్రాంతంలోనే రాసుకున్నారు. సుమారు పదేళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. మరీ క్రూరంగా ఉంది, నమ్మశక్యంగా లేదు అన్నారు. 2021లో వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. తర్వాత? 2023లో రియాలిటీ షో, 2024లో రెండో సీజన్, 2025లో మూడోది. ఏ కొత్తదనానికి పదేళ్ళు తలుపు మూశారో, అదే గెలిచాక ఫ్రాంచైజ్ చేశారు. "మన దగ్గర మూలుగుతున్న ఇలాంటి కథలు ఇంకెన్ని ఉన్నాయి?" అని వెతికే హడావిడి మాత్రం కనిపించలేదు.

ఇక పాతరీలు గారి మాయాబజార్. నేను ఎంతో ప్రేమించే సినిమా, అందుకే వివరంగా రాస్తాను. అది భారతానికి చెందిన కథ. అందులో పాండవులు ఐదుగురిలో ఒక్కరు కూడా తెర మీదికి రారు! వాళ్ళ గురించి మాటలే ఉంటాయి. ఎవరికి ఏది ప్రియమో చూపించే ప్రియదర్శిని పెట్టె ఒకటి. శకుని ఎక్కగానే మనసులో కుట్రంతా నోటితో కక్కించే సత్యపీఠం ఒకటి. ఇలాంటి నిర్ణయాలు తీసుకోవడమే కొత్తదనం. ఇవాళ ఒక పెద్ద సంస్థలో కూర్చొని "పేరున్న ఐదు పాత్రల్నీ తీసేద్దాం, ఘటోత్కచుడి మీద నడుపుదాం" అనండి. ఆ మీటింగ్ అక్కడితో ముగుస్తుంది.

పాత కథ తీసుకోవడం మీద నాకు పేచీ లేదు. తీసుకున్నాక దాన్ని కదిలించే ధైర్యం మీదే నా పేచీ.

పాతరీలు

విహారి గారూ, మీరే నాకు ఆయుధం అందించారు. పాండవుల్ని ఎందుకు తీసేయగలిగారు? ప్రేక్షకుడికి వాళ్ళు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి. పరిచయం అక్కర్లేదు, అడవుల్లో ఉన్నారంటే చాలు. పూర్తిగా కొత్త కథ అయితే సగం సినిమా మనుషుల్ని పరిచయం చేయడానికే సరిపోయేది. తెలిసిన కథ ఆ స్వేచ్ఛ ఇచ్చింది. అందుకే సీక్వెల్‌ని, రీమేక్‌ని పుట్టుకతోనే తక్కువ చేసి చూడొద్దంటున్నాను.

వెండితెర_విహారి

తెలిసిన కథ స్వేచ్ఛ ఇస్తుంది, నిజమే. మరి ఇవాళ అందరికీ తెలిసిన సూపర్ హీరోల కథలు ఆ స్వేచ్ఛ ఎందుకు ఇవ్వట్లేదు? భారతానికి యజమాని లేడు. శశిరేఖ ఇలా మాట్లాడకూడదని నోట్స్ పంపే ఆఫీసు లేదు. ఈ పాత్రలకు యజమానులున్నారు. బొమ్మలు అమ్మాలి, పార్కులు నడపాలి, ఆరో భాగానికి హీరో బతికి ఉండాలి. అక్కడ దర్శకుడు సొత్తును కాపాడే ఉద్యోగి.

పాతరీలు

యజమాని ఉన్న కథ నుంచీ గొప్ప సినిమాలు వచ్చాయి. జపాన్ దర్శకుడు కురోసావా సమురాయ్ సినిమా 'యోజింబో' 1961లో వచ్చింది. 1964లో సెర్జియో లియోనీ దాన్ని ఇటలీ తరహా వెస్టర్న్‌గా మార్చి 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీశారు. ఒక శైలే పుట్టింది.

లెక్కల_పుస్తకం

అనుమతి లేకుండా తీశారని కూడా చెప్పండి. జపాన్ వాళ్ళు కేసు వేశారు, రాజీలో వసూళ్ళలో 15 శాతం కట్టాల్సి వచ్చింది.

వెండితెర_విహారి

అదే నేను అనేది! లియోనీ చేసింది ఒప్పు అనను. కథ వాడుకుంటే డబ్బు కట్టాల్సిందే. కానీ ఆ సినిమా అలా రావడానికి కారణం, పక్కన కూర్చొని "సమురాయ్ కత్తి అలాగే ఉంచండి" అనే యజమాని లేకపోవడం. డబ్బు అందుకునే హక్కు, తర్వాతివాడి చెయ్యి పట్టుకునే హక్కు, రెండూ ఒకటి కావు. అమెరికా చట్టంలో పాటల విషయంలో వీటిని విడదీశారు. ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా, అనుమతి అడగక్కర్లేకుండా, చట్టం నిర్ణయించిన రుసుము కట్టి మళ్ళీ పాడి రికార్డు చేయొచ్చు. 1909 నుంచీ ఉంది. కవర్ పాటల్లో ఇంత వైవిధ్యం ఉండటానికి అదొక కారణం. కథలకు అలాంటి పద్ధతి ఎందుకు ఉండకూడదు?

కత్తెర

ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది విహారి గారూ. బాణీని, పాట మూల స్వభావాన్ని మార్చకూడదు. మార్చాలంటే మళ్ళీ యజమాని దగ్గరికే. మీరు అడుగుతున్నదేమో సరిగ్గా ఆ మార్చే హక్కు.

వెండితెర_విహారి

అవును, అదే అడుగుతున్నాను. పాటకు ఆ షరతు సరిపోతుందేమో, కథకు సరిపోదు. ఎంతవరకు మారిస్తే పాత కథ, ఎక్కడ దాటితే కొత్త కథ అన్నది ఎవరు తేల్చాలి? పాతరీలు గారూ, ఈ గీత మీరైతే ఎక్కడ గీస్తారు?

పాతరీలు

కోర్టు చేతిలో పెట్టను. రాసినవాడు బతికున్నంత కాలం అతని మాటే చెల్లాలి. చనిపోయిన మర్నాటి నుంచి కంపెనీ మాట చెల్లకూడదు. లెక్కల_పుస్తకం గారికి ఇది నచ్చదని తెలుసు.

లెక్కల_పుస్తకం

నచ్చదు. రచయిత పిల్లలు ఏం తినాలి? రుసుము వాళ్ళకు చేరుతుందంటే మాత్రం ఆలోచిస్తాను.