కొండారెడ్డి బురుజు దగ్గరి ఉగ్గాని హోటల్ ఎవరికైనా గుర్తుందా?

కర్నూలు వాళ్లెవరైనా కాస్త సాయం చేయండి. బురుజు దగ్గర సందులో ఒక పాత హోటల్ ఉండేది. బోర్డు మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. గల్లాపెట్టె దగ్గర తెల్ల పంచెలో కూర్చునే ఓనర్‌ను అందరూ 'పెద్దాయనా' అనే పిలిచేవాళ్లు. మా నాయన చెయ్యి పట్టుకుని ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. డబ్బులు తక్కువైతే "రేపియ్యిలే నాయనా" అనేవాడు, ఆ రేపు ఎప్పుడని అడిగిందే లేదు.

2009 అక్టోబర్ వరదలో పాతబస్తీ మునిగింది కదా, ఆ తర్వాత ఆ షట్టర్ తెరవగా నేను చూడలేదు. ఆయన గానీ, పిల్లలు గానీ ఇప్పుడెక్కడున్నారో తెలుసా? పాత ఫోటో ఏదైనా దొరికినా చాలు, నాయనకు చూపించాలి.

ఇంకో సంగతి. ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమాతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతాం. ఇంట్లో ఇంతే చేస్తాం, అయినా ముద్దగా అవుతుంది. ఆయన ఉగ్గాని గింజకు గింజ విడిగా ఉండేది. ఎంతసేపు నానబెట్టేవాళ్లో అక్కడ పనిచేసిన వాళ్లెవరైనా చెబుతారా? బజ్జీ సంగతి తర్వాత అడుగుతా.