పది రోజుల గుర్రప్పిల్లకి వీపంతా పొక్కులు, షెడ్డు తడి వల్లేనా?

బీచ్‌రోడ్డు కుర్రోడు:
ఆర్కే బీచ్‌లో సవారీకి తిప్పే గుర్రాలు మావి మూడున్నాయండి, షెడ్డు ఆరిలోవ సైడు. ఆడగుర్రం ఈనింది, ఇవాళ్టికి పదో రోజు. మొన్న వాయుగుండానికి నాలుగు రోజులు ఒకటే ముసురు, రేకుల్లోంచి కారి గడ్డంతా నానిపోయింది. ఇప్పుడు పిల్లకి వీపు మీద, భుజం దగ్గర పొక్కులు, తడిమితే ఉప్మారవ్వ అంటుకున్నట్టు గరగరగా తగులుతున్నాయి, పక్కు ఊడితే దాంతోపాటే వెంట్రుకల కుచ్చు వచ్చేస్తుంది, కింద ఎర్రగా చెమ్మగా ఉంటుంది. తోక కింద తొడలైతే బోడి అయిపోయాయి. పెదనాన్న వేపనూనెలో పసుపు కలిపి పట్టించాడు, తగ్గకపోగా ఇంకా పాకింది. పాలు బానే తాగుతుంది. షెడ్డులో రోజూ ఫినాయిల్ కొడుతున్నాం. ఏటి చెయ్యాలి?

పాతకాపు:
తమ్ముడూ ముందు థర్మామీటర్ పెట్టు. 99 నుంచి 102 ఫారెన్‌హీట్ దాకా పిల్లకి మామూలే, దాటినా, బొడ్డు తడిగా వాచినా, కీలు వాచి కుంటినా ఇక్కడ రిప్లైల కోసం కూర్చోకు, డాక్టర్‌ని పిలిపించు. తోక కిందది వేరే సంగతి అనుకుంటా. లద్ది పల్చగా పారుతుందా? వారం పది రోజులప్పుడు చాలా పిల్లలకి పారుతుంది, అది తొడల మీద కారి చర్మం ఒరిసి వెంట్రుక రాలిపోద్ది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, పల్చగా వాజలిన్ రాయి. అదే వాజలిన్ వీపుకి మాత్రం వద్దు, నూనె కూడా వద్దు, పక్కు కింద చెమ్మ ఆరదు.

గరివిడి ఫైనలియర్:
వెటర్నరీ స్టూడెంట్‌ని. వానల తర్వాత, వీపు మీద, కుచ్చుతో పక్కు అంటే నా మొదటి అనుమానం డెర్మటోఫైలస్ అనే బాక్టీరియా. స్టాఫైలోకాకస్ కూడా కావచ్చు, తామర కూడా ఇలాగే మొదలవుతుంది, ఫోటో చూసి ఎవరు చెప్పినా నమ్మకండి. పక్కుని మైక్రోస్కోప్ కింద పెడితే డెర్మటోఫైలస్ రైలు పట్టాల్లా జంట వరసల్లో కనిపిస్తుంది. ఎండు పక్కులు పీకొద్దు, పిల్ల నొప్పికి తన్నుద్ది. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ రాసి 10 నిమిషాలు నాననిచ్చి మెత్తబడ్డవే తియ్యండి, గ్లోవ్స్ వేసుకోండి, మనుషులకీ అంటుకుంటుంది. తీసినవి నేలమీద పారెయ్యొద్దు, ఎండు పక్కులో ఆ క్రిమి నెలల తరబడి బతుకుద్ది. ఒళ్ళంతా ఒకేసారి తడపకండి, చలి పట్టేస్తుంది, కాస్త కాస్త కడిగి వెంటనే తుడిచెయ్యండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్స్ అస్సలు వద్దు, లింకోమైసిన్ లాంటివి గుర్రాలకి విరేచనాలు పట్టించి చంపేస్తాయి. ఇంతకీ పుట్టాక ముర్రుపాలు ఎంతసేపటికి తాగింది? గుర్రప్పిల్ల ఒంట్లో తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలు దాదాపు లేకుండానే పుడుతుంది, మొదటి 24 గంటలు దాటితే ముర్రుపాలు తాగినా ఒంటికి పట్టదు.

పెందుర్తి సవారీ:
ఆ ఫినాయిల్ ఆపండి బాబూ. తడి లద్ది మీద ఫినాయిల్ కొడితే వాసన మారుద్ది గానీ క్రిమి సరిగ్గా చావదు, పైగా పిల్ల రోజులో సగం పడుకునే ఉంటుంది, ఆ మందు చర్మానికి మంట. గడ్డి మొత్తం లాగేసి, నేల గీకి, సబ్బు నీళ్ళతో తోమి, ఆరాకే బ్లీచింగ్ వెయ్యాలి, తల్లీపిల్లా బయట ఉండగా. మళ్ళీ ఆరాక కొత్త గడ్డి మందంగా. తర్వాత నువ్వే మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ముక్కు ఎత్తులో గాలి పీల్చి చూడు, కళ్ళు మండితే ఉచ్చ ఇంకా నిలిచినట్టే. మూడు గుర్రాలకీ ఒకటే బ్రష్షు, ఒకటే జీను గుడ్డా మీకు? అయితే మిగతా రెండింటి వీపులూ చూసుకో.

బీచ్‌రోడ్డు కుర్రోడు:
బ్రష్షు ఒకటేనండి, నిజమే. రాత్రి 2కి ఈనింది, 4 లోపే తాగింది. టెంపరేచర్ 101.4. పారుతుంది కూడా, తోక ఎత్తి చూస్తే గానీ తెలీలేదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేశాం, వ్యాన్ డాక్టర్ వచ్చి పక్కులు డబ్బాలో తీసుకెళ్ళారు. వేపనూనె సీసా దాచేశాను, పెదనాన్న పొద్దున్నుంచి వెతుకుతున్నాడు. బ్రష్షు ప్లాస్టిక్‌ది, ఉడకబెట్టొచ్చా?

పెందుర్తి సవారీ:
వంకర్లు పోద్ది. సబ్బుతో కడిగి బ్లీచ్ నీళ్ళలో 10 నిమిషాలు ముంచి ఎండలో పెట్టు. ఎండంటే, వచ్చినప్పుడులే. పిల్లకి వేరే కొను, ఎంతని.