నలభై దాటాక ఏడీహెచ్‌డీ, ఆటిజం: పరీక్ష చేయించుకోవాలా, తెలిస్తే సరిపోతుందా?

గోదారిగట్టు:
ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు ఉండే ఏడీహెచ్‌డీ గురించో, మనుషులతో మసలడం, వెలుగు, చప్పుడు కష్టమయ్యే ఆటిజం గురించో ఆన్‌లైన్‌లో ప్రశ్నావళి నింపి "ఇన్నాళ్లూ నాకున్నది ఇదన్నమాట" అనుకునే పెద్దవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. డాక్టరు చెప్పకుండా ఆ పేరు పెట్టుకోకూడదని కొందరు, సగం జీవితం నెట్టుకొచ్చాక కాగితం ఎందుకని కొందరు. పరీక్ష చేయించుకోవాల్సిందే అన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి. మా బావమరిది, మా పక్కింటాయన కథలు మాత్రం వద్దు.

రెండో కాఫీ:
రెంటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే తేడా వస్తోందండి. ఏడీహెచ్‌డీకి మందుంది, అది చీటీ లేకుండా దొరకదు. కాబట్టి అక్కడ మీ మాట ఒప్పుకుంటా. ఆటిజం మూలానికి మందే లేదు. దీపాల వెలుగు తగ్గించుకోవడం, చెవులకు హెడ్‌ఫోన్, పెళ్లిలో గంట ఉండి వచ్చేయడం, వీటికి ఎవరి సంతకం కావాలి?

వేపచెట్టు:
ముందు ఆ ప్రశ్నావళి సంగతి. ఎక్కువమంది నింపేది ఏఎస్ఆర్ఎస్ అనే పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ ప్రశ్నావళి, మొత్తం 18 ప్రశ్నలు. జల్లెడ పట్టేది మొదటి 6. వాటిలో నాలుగు జవాబులు లెక్కలోకి వస్తే పూర్తి పరీక్షకు వెళ్లమని అర్థం, జబ్బు ఉందని కాదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి మూడు ప్రశ్నలకు "అప్పుడప్పుడు" అన్నా లెక్కలోకి వస్తుంది, తర్వాతి మూడింటికి "తరచూ" అంటేనే వస్తుంది. ఈ గీత చూడకుండా ఆరింటికీ "అప్పుడప్పుడు" కలిపేసుకుని కంగారు పడతారు. ఇంకోటి, అది అడిగేది గత 6 నెలల గురించి. ఆడిట్ నెలలోనో, పసిబిడ్డ ఉన్న ఇంట్లోనో నిన్నటి రోజును తలచుకుని నింపితే ఎవరికైనా నాలుగు పడతాయి.

గోదారిగట్టు:
నేననేదీ అదే. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, వీటన్నిటిలోనూ ధ్యాస నిలవదు. బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు విపరీతంగా మారే జబ్బు) ఉన్నవాళ్లకు అది గమనించకుండా స్టిమ్యులెంట్, అంటే ఏడీహెచ్‌డీకి ఇచ్చే ఉత్తేజక మందు, మొదలుపెడితే ఉన్మాదం ఎగదోసే ప్రమాదముంది. ఇవన్నీ ఎవరికి వారు తేల్చుకునేవి కావు.

అలాగని డయాగ్నస్టిక్ సెంటర్ ప్యాకేజీకి పడిపోకండి. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. బ్రెయిన్ మ్యాపింగ్ అని బిల్లు వేస్తే ఎందుకో అడగండి. ఉండాల్సింది వివరంగా మాట్లాడటం. 17 ఏళ్లు దాటినవాళ్లకు ధ్యాస వైపు 9 లక్షణాల్లో గానీ, తొందరపాటు వైపు 9లో గానీ 5 ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లకు ముందే కనిపించి ఉండాలి. ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లయినా ఇబ్బంది పెట్టాలి. పదిహేను నిమిషాల ఓపీలో ఇది తెమలదు.

పలకా బలపం:
ఆ 12 ఏళ్ల షరతు దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. అమ్మను "చిన్నప్పుడు నాకేమైనా తేడా ఉండేదా" అని అడిగితే "నీకేం తక్కువ, బంగారం" అంటుంది, అక్కడితో సరి. విడిగా అడగాలి: కంపాస్ బాక్సు ఏడాదికి ఎన్ని కొన్నారు? హోంవర్క్ పక్కన ఎవరైనా కూర్చుంటేనే అయ్యేదా? పిలిస్తే ఎన్నో పిలుపుకు పలికేవాడిని? అట్టపెట్టెలో పాత ప్రోగ్రెస్ కార్డులుంటే మార్కులు వదిలేసి టీచరు రాసిన ఒక్క లైను చూడండి. "తెలివైనవాడే, శ్రద్ధ లేదు" అనే మాట మూడు తరగతుల్లో ముగ్గురు టీచర్లు రాస్తే డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

ర్యాంకు వచ్చింది కాబట్టి ఏడీహెచ్‌డీ కాదనేవాళ్లకు ఒక మాట. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లారుజామున లేపడం దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఇంకొకళ్ల గంట మీదే నడుస్తుంది. ఆ గంట ఆగిపోయాక, ఉద్యోగంలో గడువులు సొంతంగా పెట్టుకోవాల్సి వచ్చినప్పుడే లోపలిది బయటపడుతుంది. ఆడపిల్లలైతే మరీను. బెంచీ ఎక్కి దూకరు కదా, పరధ్యానం అని సరిపెట్టేస్తారు. పైగా 2013 దాకా డాక్టర్లు వాడే అమెరికా ప్రమాణాల్లో ఆటిజం ఉన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికే వీల్లేదు. పాత తరానికి ఒకటి తెలిసి రెండోది తెలియకపోవడం అందుకే.

రెండో కాఫీ:
ఇక వైకల్య సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. రిజర్వేషన్ లాంటి వాటికి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.

ఆటిజానికి మనదేశంలో వాడుతూ వచ్చిన కొలబద్ద ఐసా, మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు, 40 నుంచి 200 దాకా స్కోరు. 70కి తక్కువైతే ఆటిజం లేదని లెక్క. చక్కగా మాట్లాడుతూ, ఉద్యోగం చేస్తూ, మనుషుల ముందు ఉన్నదంతా దాచుకోవడం నేర్చిన నలభై ఏళ్ల మనిషి ఆ 70 చేరడం కష్టం. అప్పుడు చేతికొచ్చేది "లేదు" అనే కాగితం. ఆ కాగితం తెచ్చుకుని మళ్లీ తనను తానే అనుమానించుకోవడమా?

గోదారిగట్టు:
అది కొలబద్ద లోపం. పెద్దవాళ్లను చూసే అలవాటున్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వేరే పరీక్షలుంటాయి. ఫోన్‌లోనే "పెద్దవాళ్లకు చేస్తారా, ఎన్ని సిట్టింగులు" అని అడిగి వెళ్లాలి. అయినా ఆటిజం ఒక్కటే అయితే, ఉద్యోగంలో ఏ ఇబ్బందీ లేకపోతే, తొందర లేదన్న మీ మాట ఒప్పుకుంటున్నా. ఏడీహెచ్‌డీ విషయంలో మాత్రం తగ్గను.

మందుల సందు:
తగ్గకండి, కానీ చీటీ రాయించుకున్నాక ఏమవుతుందో కూడా చెప్పండి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే స్టిమ్యులెంట్ మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే కట్టుదిట్టంగా అమ్మాల్సిన జాబితాలోది. చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, మందును తాళం వేసి పెట్టాలి. దానికి విడిగా లైసెన్సు కావాలి కాబట్టి వీధి చివర షాపులో దొరకదు. మొదలుపెట్టే ముందు బీపీ, నాడి చూపించుకోవాలి, గుండె సమస్య ఉంటే దాచకూడదు. మాత్ర మీద రెండు ఫిల్టర్ కాఫీలు తాగి గుండె దడ అంటే మందును తిట్టి లాభం లేదు.

ఏడీహెచ్‌డీకే ఇచ్చే ఇంకో మందు అటామాక్సెటిన్ ఆ కోవలోది కాదు, మామూలు చీటీ మీదే వస్తుంది. పూర్తి ఫలితానికి 4–6 వారాలు పడుతుంది, పరగడుపున వేసుకుంటే వికారం. పది రోజులకే "పనిచేయలేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకు: అక్కడి ఏడీహెచ్‌డీ మందు యాడరాల్ ఇక్కడ అమ్మరు. అందులోది యాంఫెటమిన్, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. స్నేహితుడి కోసం సూట్‌కేసులో వేసుకురావద్దు.

వేపచెట్టు:
ఒక్క చేర్పు. చీటీలో మందు పేరుతో పాటు మోతాదు, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు అన్నది స్పష్టంగా రాయించుకోండి. అవి లేకపోతే లైసెన్సున్న షాపువాడు కూడా వెనక్కి పంపుతాడు, మళ్లీ ఓపీ చీటీ తీసుకోవాలి.